పొంగే కాగులో ఆముదం చుక్క

మా చోడవరం ఇంట్లోకి కంప్యూటరు వచ్చిన ఏడాదే నేనూ అన్నయ్యా చెడిపోయామని అమ్మ ఇప్పటికీ అంటుంది. పోనీ మేం ఆడింది కాల్చుకోవడాలూ పేల్చుకోవడాలూ ఉన్న ఆటా అంటే, కాదు. ఒక పిల్ల మంత్రగాడి కోటలో చిక్కుకుంటుంది. కనిపించిన చెత్తంతా సంచిలో వేసుకుని, ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో కనిపెట్టి, మనమే దాన్ని బయటపడెయ్యాలి. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మిగతా సగం గురించి ఇద్దరం దెబ్బలాడుకునేవాళ్ళం.

కోట వంటగదిలో ఆగిపోయాం. పెద్ద కాగులో కషాయం మరుగుతుంది, పొంగుతుంది, పొయ్యి ఆర్పేస్తుంది. మళ్ళీ మొదటికి. నీళ్ళు పోశాం, గరిటె అడ్డం పెట్టాం, పిల్లిని కూడా పడెయ్యబోయాం. వేసవి సెలవులు సగం ఆ కాగు దగ్గరే తెల్లారిపోయాయి.

ఒకరోజు అమ్మ బట్టలు మడతపెడుతూ తెర వైపు చూసింది. "పొంగితే ఆముదం సుక్క ఎయ్యాలి గానీ, నీల్లు పోస్తారేటే" అనేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. రోలుగుంట దగ్గర ఆవిడ పుట్టింట్లో ఏటా బెల్లం వండేవారు. చెరకురసం పొంగి, వండే పెద్ద పెనం దాటకుండా నూనెచుక్క వెయ్యడం ఆవిడ చిన్నప్పటి పని. అన్నయ్య ట్యూషన్లో ఉన్నాడు. ఆటలో దీపానికని సంచిలో దాచిన నూనె సీసా తీసి కాగులో ఒంపాను. నురగ అణిగింది, గోడలో తలుపు తెరుచుకుంది.

నేనే కనిపెట్టానని అన్నయ్యకి చెప్పాను. తర్వాత స్నేహితులందరికీ చెప్పాను. వారం రోజులు నా కాళ్ళు నేలమీద లేవు. అమ్మకి మాత్రం చెప్పలేదు. చెబితే నా గొప్ప కాస్తా పోతుంది కదా!

కొన్నేళ్ళ కిందట అన్నయ్య అనకాపల్లి నుంచి ఫోన్ చేశాడు. ఆ ఆట చేసినవాళ్ళు దాన్ని కొత్తగా మళ్ళీ చేస్తారట. కంపెనీలేవీ పెట్టుబడికి ముందుకు రాకపోతే, అప్పట్లో ఆడినవాళ్ళనే ఆన్‌లైన్లో చందా అడుగుతున్నారట. చాలినంత పోగైతే ఆట, లేకపోతే ఎవరి డబ్బు వాళ్ళకి. కాస్త ఎక్కువ ఇస్తే ఆట చివర ఒక పేరు వేస్తారు. ఇద్దరం కలిసి ఇద్దాం, కాగు సంగతి తేల్చింది నువ్వు కాబట్టి పేరు నీదే అన్నాడు. నిజం చెప్పేశాను. చాలాసేపు నవ్వి, అయితే అమ్మ పేరే రాయమన్నాడు.

అమ్మకి అదొక చందా అని మాత్రం చెప్పాను. పేర్లు మైకులో చదువుతారా అని అడిగింది. నేనూ తక్కువ తినలేదు. మన చందా బోర్డుల మీద రాసినట్టే ముందు శ్రీమతి, వెనక గారు, ఆపైన చోడవరం అని ఇంగ్లీషులో నింపాను. వాళ్ళు ఒక్క అక్షరం తీసెయ్యకుండా వేశారు.

రెండేళ్ళకి ఆట వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అమ్మని కూర్చోబెట్టి, దొరల పేర్ల మధ్య ఆవిడ పేరు మీద వేలు పెట్టి చూపించాను. మురిసిపోయింది. తను పైసా ఇవ్వలేదు కదా, తన పేరెందుకని అడిగింది. అప్పుడు చెప్పాను, ఆముదం మాట, తలుపు తెరుచుకోవడం, నా అబద్ధం, అన్నీ.

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకేటీ తెలీదనుకుని పెరట్లోకి ఎలిపోయేదాన్ని. ఆ పొద్దే సెప్పుంటే నానూ మీతో కూకుని ఆడేదాన్ని కదే."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, నా చేతిలోంచి మౌసు తీసుకుంది.

"ఆట మొదట్నుంచీ పెట్టు" అంది.