అత్త చప్పట్లు, జర్మన్ మాట

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల అచ్చుకూటంలో అక్షరాలు పేర్చే పనికి కొత్తగా కుదిరాను. పని ఇంకా ఖాయం కాలేదు. అంతలో జీవితాలకు బీమా అమ్మే జర్మన్ దొర ఒకడు వచ్చి నా ప్రాణం తోడేశాడు. ఆయన కరపత్రంలో మాటలన్నీ కొండచిలువలే. ‘లేబెన్స్‌ఫెర్‌జిఖెరుంగ్స్‌గెజెల్‌షాఫ్ట్’ అట! జీవిత బీమా కంపెనీ అనడానికి ఇంత హంగామా ఎందుకో, వాళ్ల మొహం! ఒక వరుసలో పడితేనా? తెలుగు అచ్చులో వరుస ఎక్కడ నిండితే అక్కడ మాట తెంచినా అడిగేవాడు లేడు. నేనూ అట్లాగే తెంచాను.

మాట తెంచిన చోటు తప్పంటూ దొర దగ్గర్నుంచి రెండుసార్లు ప్రూఫు తిరిగొచ్చింది.

"మూడోతూరి గూడా తిరిగొస్తే రేపట్నుంచి నువ్వు రావాల్సిన పన్లే" అన్నాడు మా అచ్చుకూటం మేస్త్రీ. ఆయనకు మాత్రం జర్మన్ వచ్చా, పాడా!

ఆ మధ్యాహ్నం నాకు సద్ది తెచ్చిన మేనత్త, మేస్త్రీ బెదిరింపు నా నోట విని గడపలో కూర్చుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ మా వీధి ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే కుమ్మి ఆటకు ఆమే పెద్ద. దొర వచ్చి, నా తప్పు చూపిస్తూ ఆ మాటను నిదానంగా పైకి చదివాడు. అత్త చేతులు ఊరుకుంటాయా? దొర నోరు తెరిచినప్పుడల్లా ఒక చప్పట కొట్టింది. గొంతు కొత్తగా ఎత్తుకున్నచోట కాలు నేలకు తాటించింది. మొత్తం తొమ్మిది చప్పట్లు, రెండు తాటింపులు.

దొర ఎగిరి గంతేశాడు. వచ్చీరాని ఫ్రెంచిలో వివరించాడు. విరిస్తే ముందు కాలు పడినచోట విరవాలట, అది మాటకూ మాటకూ అతుకు. అక్కడ కుదరకపోతే చప్పటకూ చప్పటకూ మధ్య. ఇంకెక్కడా చెయ్యి పెట్టకూడదట. అట్లాగే పేర్చాను. మూడో ప్రూఫు గట్టెక్కింది. దొర సంబరంగా ఇంకో ఇరవై పొడుగు మాటలు తీసి, ఇవి కూడా ఇప్పుడే విరిచి చూపించమన్నాడు.

"కొట్టమ్మా, కొట్టు!" అన్నాడు మేస్త్రీ.

అత్త రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. "ఏంది కొట్టేది? రేపు మావోణ్ణి పంపించేస్తే ఈ చేతులు యాడ దొరుకుతాయి నీకు?"

మేస్త్రీ దొర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరేలే తల్లీ, వాడి పని ఖాయం."

"నాకు గాదు, దొరకు చెప్పు."

చెప్పాడు, ఫ్రెంచిలో, అందరూ వినేట్టు. అప్పుడుగానీ మా అత్త చేతులు బయటికి రాలేదు.