రెండు గంటల మాత్ర

మా నాయన జీవితంలో ఒక్క చుక్క తాగలేదు. అయినా కాలేయంలో క్యాన్సర్ అనగానే చూడవచ్చిన ప్రతివాళ్లూ "ఎంత తాగతా ఉండె?" అని అడిగేవాళ్లు. మొదట్లో ఓపిగ్గా చెప్పాను. తర్వాత ఒకాయన చేతిలోని కాఫీ గ్లాసు లాక్కుని వీధిలోకి విసిరేశాను. నా కోపం అలాంటిది. నాయన దగ్గర్నుంచే వచ్చింది.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏదీ దాచలేదు. జబ్బు తగ్గదని, నెల రోజులు గడవడం కష్టమని, నొప్పి మాత్రం లేకుండా చూడొచ్చని చెప్పింది. మార్ఫిన్ మాత్రలు నా చేతిలో పెట్టింది.

"నొప్పి వచ్చాక పరిగెత్తొద్దు. రాకముందే వెయ్యాలి. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, మళ్లీ ఆరు, పది. ఆయన ఏది అడిగితే అది పెట్టండి."

కార్వేటినగరం దగ్గరున్న మా ఊరికి తీసుకొచ్చేశాను. అంతకుముందు నెల నాయన నొప్పికి తాళలేక అరుస్తూ గోడకు తల బాదుకోవడం నేను చూశాను. మళ్లీ అలా అరవకుండా పోవాలి. నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

పది రోజులు బాగానే గడిచాయి. సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి అడిగి మరీ రెండు ముద్దలు తినేవాడు. మాత్ర తీసుకెళ్తే, "నువ్వు నాకు పుట్టినావా, గడియారానికి పుట్టినావా పాపా?" అని నవ్వేవాడు.

చిన్నాయనకు ఇదంతా కంటగింపు. అన్న కళ్లు పచ్చబడ్డాయి కాబట్టి అవి కామెర్లేనని ఆయన పట్టు. కామెర్లకు మా వైపు మణికట్టు మీద వాత పెడతారు, ఉప్పూకారం మాన్పిస్తారు. చిన్నాయన విరిగిన కాలు పుత్తూరు కట్టుతో అతుక్కుంది. అప్పట్నుంచి ఆయనకు డాక్టర్లంటే లెక్కలేదు. నేను ఊరుబిండి పెడుతుంటే విషం పెడుతున్నట్టు చూసేవాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. మర్చిపోకుండా రెండు గంటల మాత్ర కొంగున ముడేసుకున్నాను. లోపల ఏదో అలికిడైతే వెళ్లి చూశాను. చిన్నాయన వాత పెట్టే ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పొయ్యిలో దబ్బనం ఎర్రగా కాలుతోంది.

"తియ్యి దాన్ని," అన్నాను.

"ఆయప్ప నీకు నాయన గాకముందే నాకు అన్న. మత్తుబిళ్లలేసి సంపతా ఉండావు గదమ్మే!"

"బతికించేదానికి నువ్వు యాడి దేవుడివి?"

ఇద్దరం పాతవన్నీ తవ్వుకుని తిట్టుకున్నాం. అలా గంటకు పైగా గడిచింది. చివరికి ఆయన నా చెంప పగలగొట్టాడు. చేతికందిన అట్లకాడతో భుజం మీద ఒకటి వేశాను. రెండో దెబ్బకు నుదురు చిట్లింది. రక్తం చూసినా నా కోపం చల్లారలేదు. ఆయన నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆయన చెయ్యి కొరికాను, నోరంతా ఉప్పగా అయింది. చంపేస్తానని అరిచాను. ఆ క్షణంలో నిజంగానే చంపేసేదాన్ని.

అప్పుడు వినిపించిన కేక మా ఇద్దరిదీ కాదు.

నాయన మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని మంచం పట్టీని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. ఎంతసేపట్నుంచి అరుస్తున్నాడో తెలియదు. గడియారం చూస్తే మూడుంపావు. మాత్ర ఇంకా నా కొంగులోనే ఉంది. ముడి బిగుసుకుపోయింది, విప్పబోతే రాలేదు.

నాయన నా వైపు చూడలేదు. ముసలాయన వైపు చెయ్యి చాపాడు.

"పెట్టప్పా. వీళ్ల కొట్లాటన్నా నిలస్తాది."

నేను అడ్డు తప్పుకున్నాను. ముసలాయన దబ్బనం తీసి మణికట్టు మీద ఆనించాడు. చర్మం చుయ్‌మంది. ఆ మంటకు నాయన మూలగను కూడా లేదు. కడుపులో నొప్పి అంతకన్నా పెద్దది. మాత్ర వేశాక అది లొంగడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ మేమిద్దరం ఆయన చెరో కాలూ పట్టుకుని కూర్చున్నాం.

ఆ తర్వాత ఏ మాత్రా ఆలస్యం కాలేదు. అయిదో రోజు పొద్దున నాయన అరవకుండానే పోయాడు.

చివరి స్నానానికి చిన్నాయన నీళ్లు పోశాడు, నేను ఒళ్లు కడిగాను. వాత ఇంకా పచ్చిగానే ఉంది. నా చెయ్యి అక్కడికి రాగానే చిన్నాయన చెంబు ఆపేశాడు.

"ఆడ మెల్లిగా మే," అన్నాడు. "మండతాది."

మెల్లిగానే కడిగాను.