మంచినీళ్ళు పోసిన ఇసుక

సముద్రం పక్కనున్న ఆ పరిశోధనశాలలో ఆవిడను అందరూ ఇసుకమ్మ అనేవాళ్ళు. ముఖానే అన్నా నొచ్చుకునేది కాదు. ఇసుక రేణువుల సందుల్లో బతికే, కంటికి ఆనని పురుగులే ఆవిడ చదువూ ఉద్యోగమూ. వాటిలో ఒకదాన్ని ఆవిడే కనిపెట్టింది. దానికి నోరు లేదు, పేగు లేదు. ఒంటి నిండా పెంచుకున్న సూక్ష్మజీవులే తిండి పెడతాయి. ఇంకా పేరైనా పెట్టలేదు. పాత రేవు దగ్గర తప్ప అది మరెక్కడా దొరకలేదు. ఆ ఒడ్డును తవ్వి కాంక్రీటు పోస్తారని తెలిసి, ముందే కొన్ని తొట్లకు ఇసుక తెచ్చుకుని, ఉప్పునీళ్ళు మారుస్తూ ప్రాణంలా కాపాడుకుంటోంది.

ఒకరోజు భోజనం చేసి వచ్చేసరికి తొట్లన్నీ బోర్లించి ఉన్నాయి, తళతళలాడుతూ.

"రేపు పెద్దవాళ్ళొస్తున్నారంట కదమ్మా. కంపు కొడుతున్నాయి, కడిగెయ్యమన్నారు పెద్దసారు," అంది ఊడ్చే ఆవిడ బెదురుతూ.

"ఏ నీళ్ళతో?"

"కుళాయి నీళ్ళతోనే."

మంచినీళ్ళు తగిలితే ఆ పురుగులు ఉబ్బి పగిలిపోతాయి. ఇసుకేమో పూలకుండీల పాలైంది. ఇసుకమ్మ తలుపైనా తట్టకుండా పెద్దసారు గదిలోకి దూసుకెళ్ళింది.

"ఇసుకే కదమ్మా! సముద్రం ఒడ్డున ఇసుకకు కరువా?"

"ఆ ఒడ్డు ఇప్పుడు లేదు సార్. మొన్నే కాంక్రీటు పోసేశారు. మీకు చెప్పాను. చెప్పిందే చెప్పాను!"

"పురుగుల కోసం ఇంత రాద్ధాంతమా?"

"చేపలైతే ఇలాగే పారబోసేవాళ్ళా? ఒక్కసారి కన్ను పెట్టి చూడండి అంటే, ఎప్పుడూ మీటింగే!"

"గొంతు తగ్గించండి. రేపు ఏదో ఒకటి చూపించి పంపించేద్దాం."

మర్నాడు అతిథులు రాగానే ఆవిడ ఖాళీ తొట్టి ఒకటి వాళ్ళ ముందు పెట్టింది.

"చూపించడానికి ఇదే మిగిలింది. నిన్నటిదాకా ఇందులో నేను తప్ప ఎవరూ చూడని ప్రాణి ఉండేది. మీరొస్తున్నారని చంపేశారు."

పెద్దసారు ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అతిథుల్లో ఒకాయన దగ్గాడు. తర్వాత అందరూ చేపల అద్దాల తొట్ల వైపు నడిచారు. ఆవిడకు అన్నిటికన్నా మండింది అదే.

వారం తిరక్కుండా గది లాక్కుని, లైబ్రరీలో పుస్తకాలు సర్దమన్నారు. సొంత మైక్రోస్కోపును ఇంటికి మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

"నా గిన్నెల జోలికొచ్చావో చూడు, అక్కా!" అంది చెల్లెలు. అంటూనే సగం గట్టు ఖాళీ చేసింది.

సెలవు దొరికినప్పుడల్లా వేరే ఒడ్ల నుంచి ఇసుక తెస్తోంది. ముళ్ళ తలను ఒంట్లోకి ముడుచుకునే పురుగు దొరికింది. తోక జిగురుతో రేణువును కరుచుకుని, ఎంత కుదిపినా వదలనిది దొరికింది. నోరు లేనిది మాత్రం దొరకలేదు.

మొన్న ఆఫీసు గుమాస్తా దారిలో ఎదురై, "దొరికిందా ఇసుకమ్మగారూ మీ పురుగు?" అని నవ్వాడు.

"పారబోసింది మీరు, వెతికేది నేను. నవ్వేది కూడా మీరేనా?"

తడి సంచి మోసుకుంటూ ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా లెన్సు ముందు కూర్చుంది. కోపంతో విసురుగా వంచేసరికి, మొదటి చుక్క గట్టు మీద ఒలికిపోయింది.