పన్నెండు ఫొటోలు లేని పేజీ

నార్కట్‌పల్లి చౌరస్తాలో పదేళ్లుగా వేలాడుతున్న ఫ్లెక్సీలలో సగం మంజులత చేతి పనే. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకులకు స్వాగతాలు. అడుగున ఎప్పుడూ షాపు పేరే ఉండేది, ఆమె పేరు ఒక్కదానిమీదా లేదు. పక్కనే జిరాక్స్ షాపు నడుపుకునే నాకు, ఆమెకంటే నాకే, ఈ సంగతికి ఎక్కువ మండేది.

బత్తాయి రైతుల సంఘం హైదరాబాద్‌కు నేరుగా కాయలమ్ముకోవడానికి వెబ్‌సైట్ చేయించాలనుకుంటోందని తెలిసి, మంజులత తానే చేస్తానంది. ఫ్లెక్సీ షాపు యజమాని నవ్వాడు.

"ఫ్లెక్సీలు చేసుకుంట కూసోక గవన్నీ నీకెందుకమ్మా? దానికి బీటెక్ సదవాలె."

"బీటెక్కోళ్లు తల్లి కడుపుల నేర్చుకొని వచ్చిండ్రా?"

సంఘం అధ్యక్షుడు పరశురాం ఒక అవకాశం ఇచ్చాడు. తోటలో జరిగే సమావేశంలో చూపించాలి. నచ్చకపోతే పని హైదరాబాద్ కంపెనీకి పోతుంది.

ఆమె తనకు వచ్చిన పద్ధతిలోనే చేసింది. పేజీ మొత్తం ఒకే పెద్ద బొమ్మ. పైన సంఘం పెద్దలు పన్నెండు మంది ముఖాలు గుండ్రంగా కత్తిరించి, మధ్యలో పరశురాంను ఇంకాస్త పెద్దగా పెట్టి, కింద కాయలు, సంఘం నంబరుగా ఆయన ఫోన్ నంబరు. కంప్యూటర్లో ధగధగలాడింది. తోటలో బాలనర్సమ్మ అనే ముసలి రైతు తన ఫోన్లో తెరిస్తే, ఒక్క గీత సిగ్నల్లో చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. చివరికి వచ్చిన అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

"ఏం కనవడ్తలేదు బిడ్డా. నంబరు నొక్కితే ఫోన్ పోతలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మంజులత తల దించలేదు.

"పదిహేను రోజులియ్యండ్రి. కాకపోతే నాతోని కాదని నేనే చెప్త."

ఆ పదిహేను రోజులూ షాపు పని కాగానే నా పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక బ్రౌజరు, ఉచితంగా దొరికే కోడ్ ఎడిటర్, ఒక నోటుబుక్కు. అంతే ఆమె పనిముట్లు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో, ఖాళీ ఎక్కడ వదలాలో ఫ్లెక్సీలే నేర్పాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది కోడ్ రాయడం. హెచ్‌టీఎంఎల్‌తో అక్షరాన్ని అక్షరంగా, బొమ్మను బొమ్మగా పెట్టాలి. సీఎస్ఎస్‌తో వాటి రంగు, కొలత, చోటు చెప్పాలి. తెర చిన్నదైతే వరసలు వాటంతటవే కిందికి దిగాలి. ఒక్క గుర్తు మరిచిపోతే పేజీ అంతా చెదిరిపోయేది. తిట్టుకుంటూ మళ్లీ రాసేది. జిరాక్స్‌కు వచ్చినవాళ్ల ఫోన్లు లాక్కొని, పేజీ తెరిచి, తిరిగి వాళ్ల చేతిలో పెట్టేది. ఏమీ చెప్పకుండా బొటనవేలు ఎటు పోతుందో చూసి, నంబరు బటన్‌ను అక్కడికి జరిపేది. నాకు విసుగొచ్చింది గాని ఆమెకు రాలేదు.

రెండో సమావేశంలో బాలనర్సమ్మ ఫోన్లో పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. పరశురాం ముఖం మాత్రం మాడిపోయింది.

"మా ఫొటోలేవి చెల్లె?"

"తీసేసిన అన్నా."

"సంఘం మాది. మా ఫొటోల్లేకుంటె ఎట్ల? పన్నెండు ఫొటోలు మీద పెట్టు. లేకుంటె పని గా కంపెనీకే ఇస్త."

ఫ్లెక్సీలో ఒక ఫొటో మరిచిపోతే ఏళ్లతరబడి మాటలుండని ప్రాంతం మాది. పెట్టెయ్యమని నేను సైగ చేశాను. ఆమె నా వైపు చూస్తేగా!

"పెట్ట. వాటి బరువుకే పోయినసారి పేజీ తెరుసుకోలే. గిది మిమ్ముల మీరు చూసుకునేటందుకు కాదన్నా, కాయ కొనేటోడు చూసేటందుకు. కంపెనీకి ఇస్తె ఇయ్యండ్రి."

ఆమె బాలనర్సమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, కాయలు గావాలంటె ఏడ నొక్కుతవు?"

ముసలావిడ బొటనవేలు తిన్నగా పసుపుపచ్చ బటన్ మీద పడింది. పరశురాం జేబులో ఫోను మోగింది. ఆయన తీసి చూసుకున్నాడు.

"నీ మొకం లేకున్నా నీకే మోగింది గదరా!" అని బాలనర్సమ్మ పకపకా నవ్వింది. ఆయనకూ నవ్వక తప్పలేదు. సరే, పని నీదే అన్నాడు. పేజీని చివరిదాకా జరిపి ఆగాడు. అక్కడ చిన్న అక్షరాల్లో, "తయారీ: మంజులత, నార్కట్‌పల్లి."

"మా ఫొటోలు తీసేసి నీ పేరు పెట్టుకున్నవా?"

"గది బరువుండదన్నా," అంది మంజులత. "తియ్య."