కాంటెస్సా కోసం రాజోలు వెళ్ళాం

రాజోలులో ఒకాయన కాంటెస్సా కారు అమ్ముతున్నాడని తెలియగానే నా స్నేహితుడు సూర్యానికి కాలు నిలవలేదు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం, గోదావరి మీద చించినాడ వంతెన ఇంకా రాలేదు. భీమవరంలో పొద్దున్న ఏడింటికి నా పద్మిని కారులో బయలుదేరాం. నర్సాపురం దాకా గంటసేపు ఒకటే వాదన. "ఇసుజు ఇంజనురా బాబూ, అయిదు గేర్లు! నీ డొక్కు పద్మినికి దాని దుమ్ము కూడా అందదు" అంటాడు వాడు. స్టీరింగు పక్కన గేరున్న పాత బండిని డొక్కు అంటే నాకు ఒళ్ళు మండదూ! "పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ఆగేదానికి జోరెక్కడిదిరా?" అన్నాను.

నర్సాపురం రేవులో కార్లనీ లారీలనీ గోదావరి దాటించే పంటు ఉంటుంది. కారుకి ముప్పై రూపాయలు తీసుకున్నారు. నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. "వరద తీసేసిందండి, వారం నుంచి తిరుగుతోందండి, ఆయ్" అన్నాడు పంటతను. అవతల సఖినేటిపల్లిలో దిగి, ఇరుకు రోడ్డు మీద అరగంటలో రాజోలు చేరాం.

అమ్మే ఆయన భాస్కరరావుగారు, కొబ్బరికాయల వ్యాపారి. షెడ్డులో టార్పాలిను తీసి చూపించారు. తెల్ల కాంటెస్సా, ఒక్క గీత లేదు. సూర్యం దాని చుట్టూ ప్రదక్షిణలు చేసి, "హైవే మీద నూట ఇరవై లాగించేస్తానండి! ఏ బండి దీని ముందు నిలుస్తుంది?" అన్నాడు.

ఆయన మొహం మాడిపోయింది.

"కిందటేడు వరదల్లో మా ఆవిడకి గుండెనొప్పొచ్చిందండి. ఇక్కడి డాక్టరుగారు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. అమలాపురమైతే గంట. నర్సాపురం ఏరు దాటితే చాలు, బండి జోరుంది కదా అని సఖినేటిపల్లి వైపు తిప్పేనండి. పావుగంటలో రేవులో ఉన్నాను. పంటు పొద్దున్నే ఆపేసేరంట. పడవలోళ్ళూ రామన్నారు. మళ్ళీ వెనక్కి తిప్పి, గన్నవరం అక్విడెక్టు వంతెన దాటించి, అమలాపురం వైపు ఎలా తోలేనో నాకే తెలీదండి. అంబాజీపేట వచ్చేసరికి వెనక సీట్లో ఉలుకూ పలుకూ లేదు."

సూర్యం తల దించుకున్నాడు.

"బండి ఎక్కడా మొరాయించలేదండి. రాజోల్లోనే ఎవరినైనా పంటు సంగతి అడగాల్సింది. జోరుంది కదా అని అడగలేదు." సూర్యం వైపు చూసి అన్నారు, "ఏమనుకోకండి, మీకివ్వనండి. నెమ్మదిగా తోలేవాళ్ళెవరైనా ఉంటే పంపండి." టార్పాలిను ఆయనే కప్పేశారు.

తిరుగు ప్రయాణంలో రేవుకొచ్చేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. నలభై నిమిషాలు ఆగాం. "ఇంజను ఆపెయ్యరా" అన్నాడు సూర్యం, అంతే. ఎదురుగా నర్సాపురం ఇళ్ళు కనిపిస్తున్నాయి. భాస్కరరావుగారి ఆవిడ కూడా వెనక సీట్లోంచి వాటిని చూసే ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇప్పటికీ మేమిద్దరం కార్ల గురించి కొట్టుకుంటాం. స్టీరింగు, సీట్లు, రంగు, ఏదైనా సరే. ఏది జోరైన బండి అని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు. అటు వెళ్ళేవాళ్ళకి ఒకటే చెబుతాను. వరదల రోజుల్లో రాజోలు సెంటర్లో ఆగి, పంటు తిరుగుతోందో లేదో ఆటోవాళ్ళని కనుక్కున్నాకే సఖినేటిపల్లి వైపు తిప్పండి. మీ బండి ఎంత జోరుదైనా సరే, ఆగి అడగండి.