గ్యాస్ అన్న ఒక్క మాట

మా చెల్లె బాత్రూంలో చనిపోయింది. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో ఎవరడిగినా గుండె ఆగిందనేవాణ్ని.

మారేడ్‌పల్లిలో ఓ పాత అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మాది. అమ్మ, నేను, నా భార్య, మా పాప, స్కూల్లో లెక్కలు చెప్పే మా చెల్లె. బాత్రూం గోడకు గ్యాస్ గీజర్ ఉండేది. చలికాలం కదా, గాలి కొడుతోందని కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకున్నాం. ఆ పొద్దున చెల్లె తలస్నానానికి వెళ్లింది. నీళ్ల చప్పుడు ఎంతకీ ఆగలేదు. బట్టలు పిండుకుంటోందేమో అనుకుంది అమ్మ. తర్వాత పిలిచింది. తర్వాత తలుపు బాదింది. పక్కింటాయనా నేనూ కలిసి గొళ్లెం విరగ్గొట్టేసరికి చెల్లె గోడకు ఆనుకొని కూర్చునుంది, నిద్రపోయినట్టే. ఒంటి మీద ఎక్కడా దెబ్బ లేదు. గదిలో ఏ వాసనా లేదు.

మూసిన గదిలో గ్యాస్ మండితే వాసన లేని విషవాయువు పుడుతుందని ఆస్పత్రిలో డాక్టర్ చెప్పాడు. అమ్మకు అందులో ఒక్క మాటే మిగిలింది. గ్యాస్.

గీజర్ పీకించేశాం. ఆ తర్వాత పొయ్యి మీద నీళ్లు కాచి బకెట్లు మోసుకునేవాళ్లం. ఒకరోజు మరుగుతున్న నీళ్లతో వస్తూ నా భార్య కాలు జారింది. పాప రెండడుగుల దూరంలో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ సాయంత్రం మేమిద్దరం అన్నం తినలేదు.

కరెంటు గీజర్ పెడదామంటే, ఇంటి పాత వైరింగ్ అంత లోడ్ మోయదన్నాడు ఎలక్ట్రీషియన్. అప్పుడు ఆఫీసులో ఒకాయన హీట్ పంప్ గురించి చెప్పాడు. మిషన్ డాబా మీద ఉంటుంది, చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాక్కుని నీళ్లు కాగబెడుతుంది, కరెంటు తక్కువ తీసుకుంటుంది, మంట ఉండదు, బాత్రూంలోకి వచ్చేది ఒక్క నల్లా మాత్రమే. నేను దొరికిందల్లా చదివాను. ఎర్తింగ్ కొత్తగా వేయించాను. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే దానంతటదే వదిలే వాల్వ్ ఉందో లేదో రెండుసార్లు చూశాను. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

బిగించే రోజు అమ్మ మెట్లెక్కి డాబా మీదికి వచ్చింది. మెకానిక్‌ను అడిగింది.

"దీంట్ల గ్యాస్ ఉంటదా, బాబూ?"

చెప్పొద్దని నేను చెయ్యి ఊపేలోపే అతను చెప్పేశాడు. "ఉంటదమ్మా. ఫ్రిజ్‌ల ఉండే అసొంటిది. పైపుల్నే తిరుగుతది, మండేది కాదు."

అమ్మ నా వైపు చూసింది. "మళ్ల గ్యాసేనా?"

"అది వేరే, అమ్మా. ఇంట్లకే రాదు. మన ఫ్రిజ్‌ల సుత ఉంది కదా."

"ఫ్రిజ్ దగ్గర తలుపేసుకొని తానం చేస్తమా?" అంది. దిగి వెళ్లిపోయింది.

అప్పటినుంచి అమ్మ చన్నీళ్లే పోసుకుంది. జనవరిలో సుత. మమ్మల్ని మాత్రం వద్దనలేదు. అంతకన్నా కష్టమైన పని చేసింది. ఎవరు లోపలికి వెళ్లినా తలుపు బయట పీట వేసుకొని కూర్చుని పిలుస్తూ ఉండేది. పలకాలి. నేనైతే "ఆ" అనేవాణ్ని. పాపకు పదేళ్లు. మొదట్లో నవ్వుతూ పలికింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత భయపడింది. తలుపు వేసుకోనని ఏడ్చేది. స్నానం మానేసి స్కూలుకు పోతానని మొండికేసేది.

"ఏం గాదని అత్తమ్మకు చెప్పు," అనేది నా భార్య.

"చెప్పిన."

"మళ్ల చెప్పు."

చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. అమ్మ అంతా విని తల ఊపింది. "గీజర్ పెట్టినోడు సుత ఏం గాదనే అన్నడు, బిడ్డా," అంది మెల్లగా.

నా భార్య పాపను తీసుకొని మెట్టుగూడలో వాళ్లమ్మ ఇంటికి వెళ్లింది. కొట్లాట ఏమీ లేదు. "జెర కొన్ని రోజులు," అంది. పాప పుస్తకాలన్నీ సర్దుతుంటే చూశాను. ఆపలేదు.

ఆదివారాలు వెళ్లి చూసొస్తున్నాను. ఒకసారి నేను వెళ్లేసరికి పాప స్నానం చేస్తోంది. గొళ్లెం పెట్టుకుంది. లోపల్నుంచి చెంబు చప్పుడు, తర్వాత అదీ లేదు. నాకు తెలియకుండానే లేచి తలుపు దాకా వెళ్లాను. నా భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఉండనియ్యి."

"పలుకుతలేదు."

"పలకాల్సిన పని లేదు ఇక్కడ."

పాప తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. నన్ను చూసి మామూలుగా నవ్వింది. ఇంటికి రమ్మని అడగాలని వెళ్లినవాణ్ని, అడగకుండానే టీ తాగి బస్సెక్కాను.

ఇంట్లో అమ్మ అప్పుడే తలస్నానం చేసి మంచం మీద ముడుచుకొని కూర్చునుంది. పెదవులు వణుకుతున్నాయి. దుప్పటి కప్పాను.

"పిల్ల మంచిగుందా?" అని అడిగింది.

"మంచిగుంది."

"ఎప్పుడొస్తరు?"

తెలియదన్నాను. నేను కాళ్లు కడుక్కోవడానికి లేచాను. వెనక పీట జరిగిన చప్పుడు వినిపించింది. వద్దని చెప్పే ఓపిక నాలో లేదు. బాత్రూం తలుపు దగ్గరగా వేసి, ఆమె పిలవకముందే "ఆ" అన్నాను.