ఒంటి వేలి పాట

నా చిన్నప్పుడు, ఎనభైలలో, గురజాలలో మా చర్చికి ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. అంతకుముందు మాకున్నవల్లా ఒక డోలకు, తాళాలు, తిత్తి చిరిగి సగం గాలి బయటికే పోయే హార్మోనియం. ఆ కీబోర్డును సంఘ పెద్దగారి తమ్ముడు కువైట్ నుంచి వస్తూ తెచ్చి కానుకగా ఇచ్చాడు. ఒక మీట నొక్కితే డ్రమ్ములు వాటంతటవే మోగేవి, ఇంకోటి నొక్కితే వేణువు పలికేది. అది చూసి మా నాయనమ్మ, అయితే ఇక పండగనాడు డోలకు కొట్టేవాళ్ళకి భోజనాలు పెట్టే పని తప్పిందన్నమాట అంది. ఆమెకు కనిపించిన లాభం అంతే.

సంఘ పెద్దగారిని మా వీధి పిల్లలందరం పెదనాన్న అని పిలిచేవాళ్ళం. చెడ్డమనిషేం కాదు. జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చేవాడు, చావుకీ పెళ్ళికీ ముందుండేవాడు. కాకపోతే పరువంటే ప్రాణం. కీబోర్డు ఇంకా పెట్టెలో ఉండగానే, మొదటి ఆదివారం తన కొడుకే వాయిస్తాడని ఊరంతా చాటాడు. ఆ కొడుకేమో మీటల మీద ఇంగ్లీషులో రాసిన పేర్లు గడగడా చదవగలడు, వాయించమంటే మాత్రం నీళ్ళు నమిలేవాడు.

వాయించడం వచ్చిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. మా పక్కింటి అక్క. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు అక్కడి టీచరమ్మ దగ్గర ఆర్గన్ నేర్చుకుంది. చదువైపోయాక ఇంటికి తీసుకొచ్చేశారు. ఆ తర్వాత నీళ్ళు మోయడం, పొయ్యి ఊదడం, మిరపకాయ కోతలకు పోవడం, అంతే ఆమె లోకం. పని లేనప్పుడు అరుగు మీది నాపరాయి మీద వేళ్ళాడిస్తూ కూర్చునేది. పిచ్చిపట్టిందేమోనని వాళ్ళమ్మ దిగులుపడేది.

మరి ఆమెనే కూర్చోబెట్టొచ్చుగా అని ఇప్పటివాళ్ళు అడుగుతారు. మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు కూర్చునేవాళ్ళు. వాయిద్యాలన్నీ కుడివైపే. కరెంటు ప్లగ్గు కూడా కుడివైపు గోడకే పెట్టారు. ఆడపిల్ల ముందుకొచ్చి పాడొచ్చు, మెచ్చుకుంటారు కూడా. మగవాళ్ళ మధ్యకు పోయి మిషను ముందు కూర్చోవడం మాత్రం ఎవరూ ఎరగరు. కూడదని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే కనీసం దాంతో పోట్లాడేవాళ్ళం.

ఆ శనివారం పెదనాన్న అక్క వాళ్ళ నాన్న దగ్గరికి వచ్చాడు. ఆ నాన్న సాగుచేసేది పెదనాన్న పొలమే, కౌలుకి. కాబట్టి వచ్చింది అడగడానికే అయినా కాదనే వీల్లేదు. ఏర్పాటు ఇదీ. చర్చి వెనక చాపలూ క్రిస్మస్ చుక్కా దాచే గది ఒకటుంది. అసలు కీబోర్డు అందులో పెట్టి అక్క వాయించాలి. కువైట్ బాబాయే తెచ్చిన పిల్లలాడుకునే చిన్న కీబోర్డు ఇంకోటి ఉంది. దాని బ్యాటరీలు తీసేసి, కొడుకు దాన్ని ముందు పెట్టుకుని వేళ్ళు ఆడించాలి. వైర్లు లాగే పని మైకు సెట్టు మామది. బజార్లో రేడియోలు బాగుచేసే సాయిబు, నోరు విప్పే మనిషి కాదు. గదిలో ఆడపిల్ల ఒంటరిగా ఉండకూడదని తోడు నన్ను కూర్చోబెట్టారు. పిల్లలెవరన్నా తోసుకొస్తారని బయట గొళ్ళెం పెట్టారు. మేమేరని ఎవరన్నా అడిగితే, వెనక చాపలు సర్దుతున్నారని చెప్పాలనుకున్నారు.

ఈ ఒక్క ఆదివారమే అన్నారు. అక్క కూడా ఆ కీబోర్డు మెట్ల మీద ఒక్కసారి చెయ్యి పెడితే చాలనుకుని ఒప్పుకుంది. అబ్బో, ఏం వాయించిందనుకున్నారు! బయట జనం పాట మరిచిపోయి విన్నారట. ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా మేం ఆ గదిలోనే ఉండాలి. గోడ అవతల కుర్రాణ్ణి పొగిడే మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. దేవుడిచ్చిన చెయ్యి అన్నారు, బంగారు వేళ్ళన్నారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా. అంత పేరొచ్చాక ఇక మానిపించేదెవరు? వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, పెళ్ళిళ్ళకూ అంతే. రాననడానికి కౌలు అడ్డం. పోనీ మానేస్తే ఆ కీబోర్డు మళ్ళీ ఈ జన్మకి చేతికి రాదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది మా అక్క.

ఆ గది తలుచుకుంటే ఈనాటికీ నాకు ఊపిరాడదు. చాపల దుమ్ము, ఎలుకల కంపు. ఉన్న ఒక్క కిటికీ, చప్పుడు బయటికి రాకుండా మూసేసేవాళ్ళు. ఉన్న ఒక్క ప్లగ్గు కీబోర్డుకే సరిపోయేది, ఇక ఫ్యాను మాటెక్కడ? అక్క రవిక తడిసి వీపుకి అంటుకుపోయేది. ఒకసారి దాహమేసి నేను ఏడిస్తే నోరు మూసి ఒళ్ళో కుక్కుకుంది, ఒక చేత్తో వాయిస్తూనే. నన్ను ఊరుకోబెట్టడానికే, పాటకూ పాటకూ మధ్య సౌండు తగ్గించి, ఆరాధన చివర్లో ఎప్పుడూ పాడే కీర్తన ఒంటి వేలితో నాకు నేర్పింది.

ఆ ఏడు ఎండాకాలం మా చర్చిలో ప్రార్థన కూటాలు పెట్టారు. ఆఖరి రోజు ఉదయం ఆరాధనకు గుంటూరు నుంచి ఒక పెద్ద టీచరమ్మ వచ్చింది. అక్క చదివిన హాస్టలు కాదు, ఇంకో ఆడపిల్లల హాస్టలు నడిపే ఆవిడ. మాట్లాడటం ముగిస్తూ, మా హాస్టలుక్కూడా ఇలాంటి మిషనే కొన్నాం, నేర్పేవాళ్ళు దొరకడం లేదు, మీలో వాయించే ఆడపిల్ల ఉంటే జీతమిచ్చి గది ఇచ్చి తీసుకుపోతాను అంది. మైకులో వచ్చిన ఆ మాట గది లోపలికి స్పష్టంగా వినిపించింది. అక్క లేచి నిలబడింది. ఆమె ముఖం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ నాన్న లేచి చెప్తాడనుకుంది కాబోలు. ఆయన లేవలేదు. మైకు పెదనాన్న అందుకున్నాడు.

"మా పల్నాడు ఆడపిల్లలు పాడమంటే పాడతారమ్మా. ఈ కరెంటు మిషన్లంటే వాళ్ళకి చానా భయం. కావాలంటే మావాణ్ణి పంపిస్తా, నేర్పొస్తాడు."

జనం నవ్వారు. అక్క మెల్లగా కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తలుపు బాదుదామంటే వద్దంది, బాదితే తన నాన్న పొలం పోతుందంది. ఆఖరి కీర్తన మొదలుపెట్టమని బయట గంట కొట్టారు. నాకు ఉక్రోషం ఆగలేదు. ఎప్పుడూ వాయించనంత బాగా వాయించక్కా, అప్పుడైనా వాళ్ళకి తెలుస్తుంది అన్నాను.

"ఏం తెలుస్తదే పిచ్చిదానా? నేనెంత బాగా వాయిస్తే అంతా వాడిదే అయిపోద్ది," అంది. అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు ఆగింది. నా జబ్బ పట్టుకుని స్టూలు మీదికి లాగింది. "నువ్వు కూర్చో. నీకొచ్చినట్టు వాయించు."

కూర్చున్నాను. నాకొచ్చిందల్లా ఒక్క వేలు. అందులోనూ మెట్టు వెతుక్కోవడానికి మధ్యలో ఆగాలి. బయట ఏం జరిగిందో మా నాయనమ్మ తన చివరి రోజుల దాకా చెప్పి చెప్పి నవ్వుతూనే ఉంది. మైకు పెట్టెల్లోంచి పాట నత్తి నత్తిగా టింగు టింగుమని వస్తోందట. ముందు కూర్చున్నవాడి పది వేళ్ళేమో గుర్రాల్లా పరుగెత్తుతున్నాయట. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. వాడికి చెమటలు పట్టి రెండు చేతులూ పైకెత్తేశాడు. పాట ఆగలేదు. పెదనాన్న సౌండు కట్టెయ్యమని మైకు సెట్టు మామకు సైగ చేస్తే, ఆయన తల వంచుకుని ఏదో వైరు గట్టిగా బిగిస్తూ కూర్చున్నాడట. ఆడవాళ్ళ వైపు నుంచి మా నాయనమ్మే లేచింది. వీడి చేతులు గాల్లో ఉన్నాయి, పాట వెనకనుంచి వస్తాంది, అదేందో చూద్దాం పదండి అంది. వెనక గది ఆడవాళ్ళ వైపు గుమ్మానికి ఆనుకునే ఉంది.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. గొళ్ళెం కదిలింది. నేను చటుక్కున చెయ్యి తీసేశాను. అక్క నా మణికట్టు పట్టుకుని మళ్ళీ మెట్ల మీద పెట్టింది.

"ఆపొద్దే. చేతులు తీసేశామనుకో, చాపలు సర్దుతున్నారని చెప్తారు. వాయిస్తుండగా చూడనీ."

నా ఒంటి వేలికి అటూ ఇటూ తన రెండు చేతులూ పెట్టింది. తలుపు తెరుచుకుంది. వెలుగుకి కళ్ళు చిట్లించామే గానీ ఇద్దరం ఆపలేదు. గుమ్మం నిండా ఆడవాళ్ళు, వాళ్ళ ముందు మా నాయనమ్మ, పక్కన గుంటూరు టీచరమ్మ. అక్క వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కీర్తన చివరిదాకా వాయించాం.

ఎవరు నేర్పారమ్మా అని టీచరమ్మ అడిగింది. వెనక నుంచి పెదనాన్న గొంతు వచ్చింది, మావాడే నేర్పాడమ్మా అని. అక్క కాదనలేదు. ఆయనకు ఆ పరువు మిగిలింది, వాళ్ళ నాన్నకు కౌలు మిగిలింది. టీచరమ్మ మాత్రం ఆయన వైపు తిరగనైనా తిరగకుండా అక్క వేళ్ళనే చూస్తూ, వచ్చే నెల రాగలవా అంది. ఇంట్లో చానా గొడవలయ్యాయి. వాళ్ళమ్మ అన్నం మాని కూర్చుంటే తప్ప వాళ్ళ నాన్న మెత్తబడలేదు. అక్క గుంటూరు వెళ్ళిపోయింది. పెదనాన్న బతికినన్నాళ్ళూ, ఆ పిల్లకి నేర్పింది మావాడేనని చెప్పుకుంటూనే ఉన్నాడు. నమ్మినవాళ్ళూ ఉన్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత సెలవులకొచ్చినప్పుడల్లా మిగతా తొమ్మిది వేళ్ళూ అక్కే నేర్పింది. దాంతోనే నా బతుకు గడిచింది. ఈ మధ్య నూజెండ్లలో ఒక పెళ్ళికి వాయించడానికి పోయాను. ముందే వెళ్ళి కీబోర్డు ముందు కూర్చుని వేళ్ళు సాగదీస్తుంటే సౌండు కుర్రాడొకడు వచ్చాడు. మేడమ్, కొంచెం లేస్తారా, వాయించే సారు వస్తే చెక్ చేసుకోవాలి అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. ఒకప్పుడైతే వాణ్ణి కడిగేసేదాన్ని. లేవలేదు, ఆ సారు నేనేనని చెప్పనూ లేదు. వాడు ఫోన్లోంచి తలెత్తి నా చేతుల వైపు చూసేదాకా వాయిస్తూనే ఉన్నాను.